పెద్దాయన రవ్వ తూటాలు

జిజాన్ తోటలో పెద్దాయన కాల్చిన మొదటి తూటా పాముకు తగల్లేదు. నీళ్ల పైపుకు తగిలింది. అల్యూమినియం పైపులో ఒక పక్క దూరి, రెండో పక్క బయటపడి, వెనకున్న రాతిగోడను గీరుకుని, కూత పెట్టుకుంటూ ఎటో పోయింది. మేమంతా నేలమీద బోర్లా పడుకున్నాం. లేచి చూసేసరికి పైపుకు రెండు వైపులా నీళ్లు చిమ్ముతున్నాయి. పాము ఆ నీళ్లలో హాయిగా తడిసి, తొందరేమీ లేనట్టు రాళ్ల సందులోకి జారుకుంది.

"పైపు సచ్చింది, పాము బతికింది" అన్నాడు డ్రైవర్ భాయ్ మోచేతుల మట్టి దులుపుకుంటూ.

పెద్దాయనకు తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. ఆయన మాత్రం చేతిలోని రివాల్వర్‌ను, కారుతున్న పైపును మార్చి మార్చి చూసుకుని, నావైపు తిరిగి "నో గుడ్" అన్నాడు. తిట్టింది నన్నా, తుపాకినా, పామునా అన్నది తెలియలేదు. పైపు బాగుచేసింది మాత్రం నేనే.

నేను లేత్ మిషన్ మీద టర్నర్‌ని. కరీంనగర్ జిల్లా నుంచి బయల్దేరి సౌదీలోని ఖఫ్జీలో తేలాను. కువైట్ సరిహద్దుకు ఆనుకున్న ఊరది. అక్కడ మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి రప్పించుకున్న యజమానికి, వర్క్‌షాపు ఉండేది. చమురు పంపుల షాఫ్టులు, బుష్‌లు అరిగిపోయి వస్తే కొత్తవి తిప్పి ఇచ్చేవాణ్ని. డ్రైవర్ భాయ్‌ది హైదరాబాద్ పాతబస్తీ. సామాను చేరవేయడం అతని పని. అరబ్బీ సరిగా రాని నాకు నోరుగా ఉండడం కూడా అతని పనే. నన్ను 'ఉస్తాద్' అని పిలిచేవాడు. ఉర్దూ కలిపిన తెలుగులో లోకంలోని సంగతులన్నీ చెప్పేవాడు.

కువైట్ యుద్ధం మొదలైన రోజే ఖఫ్జీ మీద ఫిరంగి గుండ్లు పడ్డాయి. ఊరు ఊరంతా దక్షిణం దారి పట్టింది. కఫీల్ షాపు షట్టరు దించుతూ "పదండి, పదండి" అని అరుస్తున్నాడు. నేను లోపలే ఉన్నాను. లేత్ బెడ్డుకు నూనె పట్టిస్తున్నాను. ఎన్నాళ్లకు వస్తామో, అసలు వస్తామో రామో తెలియదు, ఊరికే తుప్పు పట్టించబుద్ధి కాలేదు. కఫీల్ నా చొక్కా పట్టుకుని లాగి పికప్‌లో పడేశాడు. అతని సొంతూరు జిజాన్ దగ్గర. అక్కడ తండ్రికి తోట ఉంది. దేశాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు దాటి అక్కడికి చేరాం.

చేరాక నాకు కళ్లు తిరిగాయి. సౌదీ అంటే ఇసుకేనని అప్పటిదాకా నా లెక్క. అక్కడేమో మామిడి చెట్లు, జొన్న చేలు, ఒళ్లంతా జిగటగా పట్టే ఉక్క. కానీ తోట పాడుపడి ఉంది. కువైట్ గొడవలో యెమన్ ఇరాక్ వైపు మొగ్గడంతో, అక్కడ పనిచేసే యెమన్ వాళ్లందరూ అంతకు కొన్ని నెలల ముందే దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. వాళ్ల గదుల్లో టీ గ్లాసులు, చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ గదుల్లో మేం దిగాం. పని చేసే చేతులు లేక గడ్డి నడుముదాకా పెరిగింది. గడ్డిలోకి ఎలకలు వచ్చాయి, ఎలకల కోసం పాములు వచ్చాయి. మా వైపు రక్తపెంజర ఎలా ఉంటుందో అలాంటివే, కాకపోతే ఇంకా పొట్టి, ఇంకా లావు. కదలకుండా ఎండుటాకుల్లో పడుంటాయి. కాలు పడేదాకా ఉన్నట్టే తెలియదు.

కఫీల్ తండ్రినే మేం పెద్దాయన అనుకునేవాళ్లం. ఎదురుగా మాత్రం 'యా అమ్మీ' అని పిలిచేవాళ్లం, మన బాబాయ్ అన్నట్టు. సన్నగా, పొడుగ్గా, నడుముకు లుంగీ, తలకు పూల దండ చుట్టుకుని తిరిగేవాడు. ఆ వైపు ముసలివాళ్లకు అది అలవాటు. వయసులో ఉన్నప్పుడు ఆయన కూడా ఖఫ్జీలోనే చమురు క్షేత్రం కాపలాదారుగా చేశాడు. కుడిచెయ్యి వణికేది. కాఫీ కప్పు పట్టుకుంటే కప్పు కిందనున్న సాసరు టకటకమనేది. ఎవరైనా చూస్తే ఎడంచేతికి మార్చుకునేవాడు.

యుద్ధం ముగిశాక కఫీల్ ఖఫ్జీ వెళ్లి చూసొచ్చాడు. షాపు కప్పు కూలిపోయింది, గోడలు నిలిచాయి. శిథిలాల కింద నుంచి నా లేత్‌ను తీయించి ట్రైలర్ మీద తోటకు పంపాడు. షాపు మళ్లీ కట్టేదాకా చుట్టుపక్కల తోటల పంపులు బాగుచేస్తూ ఉండమన్నాడు. మిషన్ దించాక గుడ్డతో తుడిచి చూశాను. బెడ్డు మీద ఇనుప ముక్కలు తగిలి రెండు మూడు చోట్ల గాట్లు పడ్డాయి. నూనె పట్టించిన చోట మచ్చ కూడా లేదు. స్విచ్చు వేస్తే మునుపటిలాగే తిరిగింది. ఆ పూట నాకు అన్నం ఎక్కువ పట్టింది.

పాముల సంగతి గొడవగా మారింది తోటలో మిగిలిన ఒక సూడాన్ పనివాడి వల్ల. పాపం, జొన్న కట్ట ఎత్తబోతే పాదం మీద కాటు పడింది. డ్రైవర్ భాయ్ పికప్‌ను గాల్లో తోలి ఆసుపత్రికి చేర్చాడు. మనిషి బతికాడు, రెండు వేళ్లు మాత్రం తీసేశారు. అతను కర్ర పట్టుకుని తిరిగొచ్చిన రోజు పెద్దాయన అతని పాదం కట్టు కళ్లారా చూశాడు. సాయంత్రం ఇంట్లోంచి రివాల్వర్ తెచ్చాడు. లైసెన్సున్న పాత తుపాకి, పెద్ద నోరు, ఎత్తితే చెయ్యి కిందికి లాగే బరువు. మర్నాడే పైపుకు చిల్లు పడింది.

పైపు అతుకుతుంటే పెద్దాయన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు మంట వైపు చూసి, డ్రైవర్ భాయ్‌ని పిలిచి మధ్యలో కూర్చోబెట్టుకున్నాడు.

"దీనికి గుండు పనికిరాదు. రవ్వలు కావాలి" అన్నాడు. "ఖఫ్జీలో మా పై అధికారిగా ఒక అమెరికా ఆయన ఉండేవాడు. గుండు తీసేసి అందులో సీసపు రవ్వలు కూరేవాడు. పాముల కోసమే. నాకూ నేర్పాడు. వెళ్లిపోతూ సామాను నాకే ఇచ్చిపోయాడు. ఎక్కడో ఉంది."

"ఛర్రా అంటుండు ఉస్తాద్. మనోళ్లు పిట్టలను కొడ్తరు చూడు, గది" అన్నాడు భాయ్.

"గది పెద్ద తుపాకిల గదా ఏసేది. చేతి తుపాకిల ఎట్ల ఏస్తరు?"

అది తెలుసుకోవాలని నాకు ఆపుకోలేని కుతూహలం పుట్టింది. పాములంటే భయం అటుంచి, నాకు తెలియని పనొకటి ఇనుముతో జరుగుతోందంటే నేను నిలబడలేను.

మర్నాడు అటకమీద నుంచి ఒక చెక్కపెట్టె దిగింది. అందులో చేత్తో నొక్కే చిన్న ప్రెస్సు, కంసాలి తక్కెడలాంటి బుల్లి తక్కెడ, మసిపట్టిన ఖాళీ ఇత్తడి తూటా తొడుగులు ఉన్నాయి. ప్రెస్సు పిన్ను విరిగి ఉంది. కొత్తది తిప్పి బిగించాను. పెద్దాయన మీట నొక్కి చూసి, కళ్లు మూసుకుని ఇంకోసారి నొక్కాడు. పాత దోస్తు చెయ్యి పట్టుకున్నట్టుంది ఆయన వాలకం.

ఆ రోజే నేను ఒక మాట తేల్చి చెప్పాను. "భాయ్, అమ్మీకి చెప్పు. పనిముట్లు ఏం గావాలన్నా చేసిస్త. తుపాకి మాత్రం ముట్ట. తూటా మందు ముట్ట. నా ఇకామా కార్డు మీద టర్నర్ అని ఉన్నది, సిపాయి అని లేదు."

భాయ్ అరబ్బీలోకి మార్చి చెప్పాడు. పెద్దాయన నవ్వలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని "నువ్వు ముట్టుకుంటానన్నా నేను ముట్టనివ్వను" అన్నాడు.

అన్నట్టే ఉన్నాడు. సాయంత్రం పూట అసర్ నమాజు అయ్యాక గదిలో బల్ల ముందు కూర్చునేవాడు. మేం గుమ్మం అవతలే. డ్రైవర్ భాయ్ సిగరెట్టు చెట్టు దగ్గర పారేసి రావాల్సిందే. పెద్దాయన రెండు మోచేతులూ బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి మందు తూచేవాడు. అలా ఆనించినప్పుడు చెయ్యి వణుకు సగానికి సగం తగ్గేది. ఒకసారి తూకం మధ్యలో మేక ఏదో అరిచిందని తలెత్తాడు. అంతే, అప్పటిదాకా చేసినవన్నీ విప్పేసి మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"ఏం గాదులే అమ్మీ" అన్నాడు భాయ్.

"ఏమీ కాదని నీకు తెలుసా? నాకు తెలియదు. తెలియనిది తుపాకిలో పెట్టను" అన్నాడు ఆయన. ఆ మాట విన్నాక ఆ గుమ్మం దగ్గర నిలబడడానికి నాకు భయం పోయింది. పనిని అలా చేసే మనిషి పక్కన ఉండొచ్చు.

తొడుగులో మందు మీద ఒక అట్టబిళ్ల, దానిమీద రవ్వలు, రవ్వలు రాలిపోకుండా పైన మరో అట్టబిళ్ల. చూడటానికి ఇంతే. ఆ బిళ్లలను పెద్దాయన కత్తెరతో కత్తిరించేవాడు. గుండ్రం ఎలా వస్తుంది? ఒకటి కోలగా, ఒకటి పళ్లుపళ్లుగా వచ్చేది. నేను వద్దనలేదు. ముందు ఎలా పనిచేస్తుందో చూద్దామనుకున్నాను.

మొదటి పరీక్షకు కట్టెల కుప్ప ముందు మామిడిపళ్ల అట్టపెట్టె నిలబెట్టాడు. ఒకటి పేల్చాడు. పేలింది. రెండోదానికి ట్రిగ్గరు నొక్కితే తూటాలుండే సిలిండర్ తిరగలేదు. బిగుసుకుపోయింది. పెద్దాయన తుపాకిని నేలవైపే పట్టుకుని, మమ్మల్ని వెనక్కి పొమ్మని, చాలాసేపు ఆగి, మెల్లగా విప్పాడు. లోపల నుంచి సీసపు రవ్వలు ఆవాల్లా రాలాయి.

సంగతి చూడగానే అర్థమైంది. పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది. ఆ కుదుపుకు పక్క తూటాల్లో బిళ్లలు వదులై ముందుకు జరిగాయి. రవ్వలు బయటికి వచ్చి సిలిండర్‌కు అడ్డం పడ్డాయి. ఇక అది నా పని. ఉక్కు కడ్డీ తీసుకుని లేత్ మీద ఒక పంచ్ తిప్పాను. తొడుగు లోపలి కొలతకు వెంట్రుకవాసి ఎక్కువగా, అంచు కత్తిలా. కర్రమొద్దు మీద అట్ట పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే బిళ్ల కొత్త నాణెంలా ఊడిపడింది. బిగుతుగా దిగింది. అంచు చుట్టూ పెద్దాయన వార్నిష్ చుక్క పెట్టి ఆరనిచ్చాడు. ఆ తర్వాత ఎన్ని పేల్చినా ఒక్క రవ్వ జారలేదు. ఆయన ఆ పంచ్‌ను జేబులో వేసుకుని తిరిగేవాడు, ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపించేవాడు.

రెండో చిక్కు ఇంకా వింతది. ఈసారి పాముకు బదులు చుట్టచుట్టిన తాడును అట్టకు కట్టాం. పెద్దాయన పది పన్నెండు అడుగుల దూరంలో కూర్చుని, రెండు మోచేతులూ మోకాళ్లకు ఆనించి, గురిచూసి కాల్చాడు. వెళ్లి చూస్తే తాడుకు ఒక్క రవ్వ తగల్లేదు. చుట్టూ మాత్రం చిల్లులే చిల్లులు, సున్నా చుట్టినట్టు.

"కొట్టమంటే దండేసిండు పాముకు" అన్నాడు భాయ్.

నేను నవ్వలేకపోయాను. ఆ సున్నాను వేలితో తడుముతూ ఆలోచించాను. పెద్దాయనా అదే చేస్తున్నాడు. మా వేళ్లు ఎదురుపడ్డాయి.

"భాయ్, తుపాకి గొట్టం లోపల మెలికల గాడులు ఉంటయి గదా. గవి ఛర్రాను గిర్రున తిప్పుతున్నయి. తిరిగేది ఏదైనా బయటికే పారుతది. లేత్‌ల కడ్డీని పట్టి తిప్పే చక్కు మీద నూనె పోస్తె మొఖం మీద చిమ్ముతది చూడు, గట్లనే."

భాయ్ చెబుతుంటే మధ్యలోనే పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. "అమెరికా ఆయన ఇదే చెప్పాడు! నేను మర్చిపోయాను. దూరం నుంచి కాల్చి మొనగాణ్ని అనిపించుకోకు, దగ్గరికి పో అనేవాడు."

"ఎంత దగ్గరికి?" అడిగాను.

ఆయన అట్ట దగ్గరికి నడిచి, మూడు నాలుగు అడుగుల దూరంలో ఆగి, అక్కడి నుంచి పేల్చాడు. తాడు తెగిపడింది. రవ్వలన్నీ అరచేయంత చోట గుంపుగా దిగాయి.

మందు పెంచితేనో, రవ్వలు పెంచితేనో దూరం పోతుంది కదా అని నేను అడిగాను. ఆయన నా మొహం వైపు సూటిగా చూసి చూపుడువేలు అడ్డంగా ఊపాడు. నాకు ఇనుము తెలుసు, మందు తెలియదు.

అలా ఆ ఎండాకాలం గడిచింది. గడ్డి కోయించాం. ఇద్దరు ముగ్గురు కొత్త పనివాళ్లు వచ్చారు. పెద్దాయన నాలుగు పాములను కొట్టాడు, అన్నీ దగ్గర నుంచే, ఏదో ఒక గోడకో బండకో చెయ్యి ఆనించి. పైపులకు ఇక చిల్లులు పడలేదు.

తర్వాత వానలు వచ్చాయి. కొండల మీద కురిస్తే మా వాగు ఒక్క గంటలో పొంగుతుంది. ఆ ఉదయం వాగు ఎర్రటి నీళ్లతో వస్తోందని చూసి, డ్రైవర్ భాయ్ వాల్వు కట్టేయడానికి పంపు గుంతలోకి దిగాడు. బావి పక్కనే రాళ్లతో కట్టిన గుంత అది, మనిషి తల మునిగేంత లోతు. దిగడానికి ఒకే ఒక్క సన్నటి మెట్ల దారి. అడుగున డీజిల్ ఇంజను.

నేను లేత్ దగ్గర ఉన్నాను. "ఉస్తాద్!" అని కేక వినిపించింది. అరుపు పెద్దదేమీ కాదు, గొంతు మాత్రం అతనిది కాదనిపించింది. పరిగెత్తాను.

కింద భాయ్ ఇంజను దిమ్మె మీద ఎక్కి గోడకు కరుచుకుని నిలబడ్డాడు. దిమ్మె చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి. కింద నుంచి మూడో మెట్టు మీద, పైపు వంపు కింద, లావుపాటి చుట్ట. తల పైకెత్తి ఉంది. బుస కొడుతుంటే సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు గుంతంతా వినిపిస్తోంది.

"కదలకు భాయ్."

"కదుల్తనా? ఊపిరే తీస్తలేను. నీళ్లు లేస్తున్నయి ఉస్తాద్. ఇంకొంచెం లేస్తె అది నా దగ్గరికే వస్తది."

పొడుగు కర్ర తెచ్చాను. పైపు అడ్డం, కర్ర అందదు. అందినా అది ఎగిరి భాయ్ మీద పడుతుంది. రాయి వేసినా అంతే. ఈలోగా పెద్దాయన వచ్చాడు. సూడాన్ పనివాడు కుంటుకుంటూ వెళ్లి చెప్పినట్టుంది. చేతిలో రివాల్వర్. గుంతలోకి చూసి, మెట్టు మీద పాము, దాని వెనక ఇంజను, ఇంజను పక్కన మనిషి, అన్నీ ఒక్కచూపులో లెక్క వేసుకున్నాడు.

"పై నుంచి కాలిస్తే రవ్వలు చెదిరి ఇతనికి తగుల్తాయి. దగ్గరికి దిగాలి" అన్నాడు. ఆయన అరబ్బీ ఆ పూట నాకు ఏ డ్రైవరూ లేకుండానే అర్థమైంది.

తర్వాత కుడిచెయ్యి ముందుకు చాచి తనే చూసుకున్నాడు. తుపాకి బరువుకు చెయ్యి గాలికి కొమ్మలా ఊగుతోంది. ఆనించుకోవడానికి గోడ లేదు. మెట్ల పక్క గోడ పాము ఉన్న వైపు కూలి ఉంది. ఆయన ఎడంచేతికి మార్చుకుని చూశాడు, మళ్లీ కుడికి మార్చాడు. నేను చూస్తుండగా ఎప్పుడూ దాచుకునే చెయ్యిని ఆ రోజు దాచుకోలేదు.

నేను ఎక్కువ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. మెట్ల మీద కూర్చుని, కూర్చునే ఒక్కో మెట్టూ కిందికి దిగాను. పాముకు ఇంకో రెండు మెట్లు ఉన్నాయనగా ఆగాను. ఎడమ భుజం మీద చెయ్యి వేసి కొట్టి చూపించాను.

"యా అమ్మీ, ఇక్కడ పెట్టు."

పెద్దాయన నా భుజం వైపు చూశాడు. "తుపాకి ముట్టనన్నావు కదా."

"ముడ్తలేను. నువ్వే నన్ను ముడ్తున్నవ్" అని తెలుగులో అన్నాను. కింద నుంచి భాయ్ అది కూడా అరబ్బీలో అందించాడు. అంత భయంలోనూ అతనికి ఆ ఉద్యోగం మర్చిపోబుద్ధి కాలేదు.

పెద్దాయన నా వెనక మెట్టు మీద మోకాలు వేసి, మణికట్టు నా భుజం మీద పెట్టాడు. బరువు దిగింది. వణుకు నా ఎముకలోకి వచ్చింది, కాసేపు అక్కడే ఆడింది. నేను చక్కులో బిగించిన కడ్డీలా బిగుసుకున్నాను. వణుకు తగ్గుతూ తగ్గుతూ ఆగింది. పాము నావైపే తిరిగింది. దాని మూతి మీది పొలుసులు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆశ్చర్యం ఏమిటంటే నాకు ఆ క్షణంలో పాము మీద ధ్యాస లేదు. బిళ్ల బిగుతుగా కూర్చుందా లేదా అని ఆలోచిస్తున్నాను. కూర్చుంది, నాకు తెలుసు. దాన్ని కొట్టిన పంచ్ నా చేత్తో తిప్పిందే.

"మొహం తిప్పుకో" అని పెద్దాయన భాయ్‌కి చెప్పాడు. భాయ్ ఇంజను వెనక్కి వంగి తల దాచుకున్నాడు.

పేలింది.

శబ్దం వినిపించిందని చెప్పలేను. ఎడమ పక్క లోకం మూసుకుపోయింది, అంతే. పొగ విడిచాక చూస్తే మెట్టు మీద చుట్ట విడిపోయి, తల లేని మొండెం నీళ్లలోకి జారుతోంది. భాయ్ ఇంజను వెనక నుంచి లేచి, నోరు తెరిచి ఏదో అంటున్నాడు. కుడిచెవి అటు తిప్పాను.

"... జల్ది చెయ్యి పట్టి గుంజు అంటున్న, వినవడ్తలేదా?"

చెయ్యి ఇచ్చి లాగాను. పైకొచ్చి మట్టిలో కూలబడి నా మోకాళ్లు పట్టుకుని ఏడ్చాడు. తర్వాత లేచి పెద్దాయన భుజం ముద్దుపెట్టుకున్నాడు. తర్వాత గుర్తొచ్చినట్టు నన్ను తిట్టాడు, "చెవిల దూది పెట్టుకోవాల్నని తెలువదా, టర్నర్ అంటవు!" అని.

చెవిలోంచి నెత్తురు చుక్క వచ్చింది. జిజాన్ ఆసుపత్రిలో కేరళ డాక్టరు చూసి కర్ణభేరి చిరిగిందన్నాడు. చిరుగు మానింది. వినికిడి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆ చెవికి మాటలు గోడ అవతల నుంచి వచ్చినట్టు వస్తాయి. గదిలో పడుకున్న రోజుల్లో పెద్దాయన పొద్దునా సాయంత్రం వచ్చి నాకు కుడివైపు కూర్చునేవాడు. ఖర్జూరాలు గింజలు తీసి ఇచ్చేవాడు.

కబురు విని కఫీల్ ఖఫ్జీ నుంచి వచ్చాడు. తండ్రి మీద అరవలేక మా మీద అరిచాడు. ఎవరి చెవికైనా, కంటికైనా ఏమైనా అయితే పోలీసులకు ఏం చెప్పుకోవాలని అడిగాడు. అడగాల్సిన మాటే. పెద్దాయన అంతా విని, రివాల్వర్ తెచ్చి కొడుకు ముందు పెట్టాడు.

"నా చెయ్యి వణుకుతుందని నాకు తెలుసు. ఇతని భుజం వణకదని కూడా తెలుసు. తీసుకుపో" అన్నాడు.

మిగిలిన రవ్వ తూటాలను తనే బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కటిగా విప్పేశాడు. మందు నీళ్లలో కలిపి పారబోశాడు. తుపాకి పోయాక పంపు గుంతకు ఏం చేయాలా అని అందరం కలిసి చూశాం. చేయాల్సింది చాలా చిన్నది. రాళ్ల సందులన్నీ సిమెంటుతో మూసి, పైన జాలీ తలుపు బిగించాం. ఒక వారం పని కూడా పట్టలేదు. మరి పాములు అందులోకి రాలేదు. ఆ పని మొదటే ఎందుకు తోచలేదని భాయ్ అడిగాడు. పెద్దాయన ఆకాశం వైపు చూశాడు, నేను సిమెంటు తాపీ కడుక్కున్నాను.

ఆ తర్వాత ఖఫ్జీ షాపుకు కప్పు పడింది. లేత్ మళ్లీ ట్రైలర్ ఎక్కింది, నేనూ, భాయ్ కూడా. బయల్దేరేటప్పుడు పెద్దాయన ఆ చెక్కపెట్టె నా చేతికి ఇచ్చాడు. తక్కెడ, తొడుగులు అందులో లేవు, ప్రెస్సు మాత్రమే ఉంది. దాన్ని షాపు బల్లకు బిగించి చిన్న బుష్‌లు నొక్కడానికి వాడుకున్నాను. మంచి ప్రెస్సు.

ఒక చలికాలం ఆయన ఖఫ్జీ వచ్చాడు, తను పనిచేసిన చోటు చూసిపోదామని. షాపులో నా కుడిపక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సామాను కోసం వచ్చిన అరబ్బులు నలుగురు చుట్టూ చేరారు. టీ వచ్చింది. పెద్దాయన పంపు గుంత కథ ఎత్తుకున్నాడు. ఆ కథలో పాములు రెండు. నీళ్లు భాయ్ గొంతుదాకా వచ్చాయి. చెయ్యి మాత్రం ఎక్కడా వణకలేదు. మెట్ల మీద నిలబడి, దేనికీ ఆనించకుండా, ఒక్క తూటాతో రెండింటినీ కొట్టాడు. చెబుతున్నంతసేపూ ఆయన ఎడంచెయ్యి కుడి మణికట్టును పట్టుకునే ఉంది.

భాయ్ టీ గ్లాసు కింద పెట్టి, "లేదు లేదు, అట్ల కాదు" అని అరబ్బీలో మొదలుపెట్టబోయాడు. బల్ల కింద అతని కాలు తొక్కాను.

వింటున్నవాళ్లలో ఒకతను నావైపు తిరిగి "నువ్వు అక్కడే ఉన్నావా? నిజమేనా?" అని అడిగాడు.

"ఉన్నాను. అంత గురి నేను ఇంకెక్కడా చూడలేదు" అన్నాను.

పెద్దాయన తలవంచి తన టీలోకి చూసుకున్నాడు. తర్వాత నా గ్లాసులో చక్కెర తక్కువైందని పక్కనున్న వాణ్ని కేకేసి ఇంకో చెంచా వేయించాడు.